గులాబీ చార

రోలు అయిపోయే ముందు కాయితం అంచున
గులాబీ చార ఒకటి మొదలైతది.
అది కనవడంగనే నా చెయ్యి
సంచిల ఇంకో రోలు ఉన్నదా అని దేవులాడుతది.
నర్సంపేట బస్సుల ఆడోళ్లే ఎక్కువ,
జీరో టికెట్లు కొట్టీ కొట్టీ
గిర్నిబావి రాకముందే చార ఎదురైతది.
మిగిలిన జానెడు ముక్కను అందరు కిటికీల నుంచి ఇసిరేస్తరు.
నేను సంచిల ఏసుకుంటా.
మూడు నెలలకు ఒక మామిడికాయ తొక్కు సీసా నిండింది.

సాదియా పుట్టినరోజు శుక్రవారం.
మా హంసిక చెప్పింది సోమవారం రాత్రి,
అన్నం కలుపుకుంట, నా మొఖం చూడకుంట.
"అందరు చౌరస్తల కొంటున్నరమ్మా,
యూనికార్న్ డబ్బా, రెండొందల యాభై."
జీతం పడేది ఇంకా తొమ్మిది దినాలకు.
నేనేమనలే.
పెరుగు గిన్నె దాని దిక్కు జరిపిన.

ఈ కాయితానికి సిరా అక్కర లేదు.
గోరు ఆనిచ్చి గీస్తే నల్లగ పడ్తది.
చిల్లర కోసం నిలవడ్డ ఒక ముసలాయన
టికెట్టు మీద గోటితోటి కోడిపుంజును గీసి
నా చేతిలనే పెట్టి దిగిపోయిండు ఒకనాడు.
అది మతికొచ్చింది.

మంగళవారం పదకొండింటికి కూసున్నం తల్లీబిడ్డలం.
సాదియా వాళ్ల మేక,
వాళ్ల అబ్బా బండి మీది సమోసాలు,
ఏడు చక్రాల మా బస్సు.
ఏడెందుకే అంటే, ఒకటి స్టెప్నీ అన్నది.
కుట్టనీకె దారం కొత్తవాడ సుభద్రవ్వ ఇచ్చింది,
జంపఖానా మగ్గం కింద రాలిన పోగులు,
ఎర్రయి, నీలివి, పిడికెడు.
పైసలియ్యబోతే
"ఊడ్చి పారేసేదానికి ధర గడ్తవా" అని కసిరింది.

బుధవారం మేడారం స్పెషల్ ఏసిన్రు.
ఇంటికొచ్చేసరికి ఒంటిగంట.
చెప్పు ఒకటి విడిచి, ఇంకోటి విడువకముందే నిద్రొచ్చింది.

గురువారం రాత్రి చూస్తె
పేజీలన్ని చుట్టుకపోయి ఉన్నయి.
బొమ్మలైనా వాటికి రోలు బుద్ధి పోలే.
ఇస్త్రీపెట్టె తీసి నిమ్మళంగ రుద్దిన.

పదకొండేండ్ల సంది ఈ కాయితమే నా కూడు.
ఎండాకాలం బానెట్ మీద మర్చిన టికెట్లు
బొగ్గు లెక్క అయితయని నాకెరుక లేదా?
ఎరుకే.
నిద్ర, అంతే.
మేక పోయింది. సమోసాలు పోయినయి.
ఏడు చక్రాలు ఒక్కపెట్టున నల్లగయినయి.

చప్పుడుకు లేచింది పిల్ల.
ఏడుస్తదనుకున్న. ఏడ్వలే.
"రాత్రి అయింది మమ్మీ" అన్నది.
నా జాకెట్టుకున్న పిన్నీసు గుంజుకొని
ఒక ముక్కకు పొడిచింది, మళ్ల పొడిచింది,
నా ఫోను లైటు ముంగట పట్టింది.
గోడ మీద, సున్నం పెచ్చులూడిన కాడ,
చుక్కలు.

ఇగ ఇద్దరం పొడుసుడే.
తొక్కు సీసా రెండుసార్లు కడిగినా
మెంతిపిండి వాసన పోలేదు, పోకపోనీ.
నల్ల ముక్కలు చుట్టు అతికించి
మెడకు సుభద్రవ్వ పోగులు కట్టి
నిరుటి దీపావళి బటన్ లైటు లోపల పెట్టినం.
తెల్లారగట్ల నాలుగున్నర.
నాకు డ్యూటీ ఐదున్నరకు.

రాత్రి అడిగిన, ఏమన్నదే సాదియా అని.
"ఏమనలే. కేకు మంచిగున్నది.
యూనికార్న్ డబ్బాలు నాలుగొచ్చినయి, అన్ని ఒక్క తీరే."
బూట్లు విప్పుకుంట మళ్ల అన్నది,
"లైటు బందు జేయమని వాళ్ల నానమ్మే చెప్పింది.
అందరం చీకట్ల కూసున్నం.
శానసేపు."

ఇయ్యాల ధర్మారం కాడ రోలు కొసకొచ్చింది.
ఇంట్ల కిటికీకి ఒకటి కావాలంటది పిల్ల,
తమ్మునికొకటి, సుభద్రవ్వకొకటి.
గులాబీ చార ఇంకా సన్నగనే ఉన్నది,
నాలుగు టికెట్లు ఎల్లేటట్టే ఉన్నది.
అటు డ్రైవరన్న దిక్కు చూసి
ఇటు తెంపిన,
జానెడు కాదు,
మూరెడు.